పుట్టగొడుగుల రికార్డు రూము

గెడ్డపేట మున్సిపాలిటీ మేనేజరు పొట్నూరు జోగారావు ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో కొన్ని వేల ఫైళ్ళ మీద నోట్ రాశాడు. వీధికుక్కల మీద రాశాడు, మురుగుకాలవల మీద రాశాడు, పార్కులో విరిగిన బల్లల మీద రాశాడు. వాటిలో ఒక్కటీ అమలు కాలేదు. అందువల్ల ఊరికి ఏ నష్టమూ కలగలేదు. చివరికి ఒకే ఒక్కటి అక్షరం పొల్లుపోకుండా అమలైంది.

ఆయనకి యాభై ఏడో ఏడు నడుస్తుండగా మతిమరుపు మొదలైంది. మొదలైందని ఆయన అనుకున్నాడు. ఒకరోజు స్కూటరు ఆఫీసులోనే వదిలేసి ఇంటికి నడిచి వచ్చి, స్కూటరు పోయిందని పోలీసుస్టేషనుకి ఫోను చేశాడు. ఇంకోసారి ఒక పెళ్ళిలో సొంత బావమరిదిని పట్టుకుని "తమరు ఆడపిల్లవారి తరఫా?" అని మర్యాదగా అడిగాడు. నలుగురూ పడి పడి నవ్వారు. జోగారావు కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆయన అన్నయ్య సత్యం చివరి రెండేళ్ళూ ఎవరినీ గుర్తుపట్టకుండా గడిపాడు. ఆస్పత్రి మంచం మీద తమ్ముడు చెయ్యి పట్టుకుంటే, "ఎవులు బావూ తమరు? సానా మంచోరిలాగున్నారు" అన్నాడు. ఆ సంగతి జోగారావు భార్య వరహాలమ్మకి కూడా చెప్పలేదు.

ఇలాంటి సమయంలో తోడల్లుడు పాపినాయుడు ఒక సీసా పట్టుకుని వచ్చాడు. పాపినాయుడు ఆరోగ్యానికి సంబంధించిన ఏదో ఒక వస్తువును ఎప్పుడూ ఎవరో ఒకరి చేత కొనిపిస్తూ ఉంటాడు. అంతకుముందు రాగిచెంబులు, దానికి ముందు అయస్కాంతం చెప్పులు.

"సింహం జూలు పుట్టగొడుగన్నయ్యా ఇది. మాను మీద తెల్లగా జూలులాగ వేలాడతాదంట. ఎండబెట్టి, పొడి కొట్టి, మాత్రలో పెట్టినారు. మెదడుకీ నరాలకీ ఇంతకు మించింది లేదు" అన్నాడు. సీసా మీద గొడుగు పట్టుకున్న సింహం బొమ్మ, దాని కింద 'మేధాఛత్రం' అని బంగారు అక్షరాలు ఉన్నాయి.

జోగారావు రోజుకి రెండు చొప్పున మింగాడు. వారం రోజుల్లో రెండుసార్లు మింగడం మర్చిపోయాడు.

పదో రోజున కమిషనర్ గారి సమీక్షా సమావేశం జరిగింది. కమిషనర్ విద్యాధర్ గారికి ముప్పై మూడేళ్ళు. ఊరికి వచ్చి నాలుగు నెలలైంది. ఏ శిక్షణ శిబిరానికి వెళ్తే ఆ శిబిరం ఆయన వెంట గెడ్డపేట వచ్చేస్తుంది. ఒక శిబిరం తర్వాత సిబ్బంది అంతా ఉదయం పది నిమిషాలు బిగ్గరగా నవ్వారు. ఇంకో శిబిరం తర్వాత నెలరోజులు చెప్పులు లేకుండా తిరిగారు.

ఆ రోజు ఆయన ఉన్నట్టుండి, "మార్కెట్ వెనక స్థలం ఆక్రమణ ఫైలు నంబరు ఎవరికైనా తెలుసా?" అని అడిగారు.

"తొంభై నాలుగు, సి-టూ, పదకొండు వందల ఎనభై ఏడు సార్" అన్నాడు జోగారావు.

ముప్పై ఏళ్ళనాటి ఫైలు నంబరు అలా నోటికి రావడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. నిజానికి ఆ ఉదయమే జోగారావు బల్ల ఊగుతోందని దాని కాలి కింద పెట్టడానికి తగినంత లావున్న ఫైలు కోసం బీరువాలన్నీ వెతికి, చివరికి దాన్ని ఎంచుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి దూర్చేటప్పుడు అట్ట మీద నంబరు కళ్ళబడింది. అంతే.

"ఎలా గుర్తుంది జోగారావు గారూ?" అని కమిషనర్ గారు కుర్చీలో ముందుకు వంగారు.

జోగారావు నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ అకౌంటెంటు, ఏఈ, శానిటరీ ఇన్‌స్పెక్టరు, పెళ్ళిలో ఆయన్ని చూసి నవ్విన టౌన్ ప్లానింగ్ ఉద్యోగి, అందరూ తనవైపే చూస్తున్నారు. వాళ్ళ కళ్ళలో గౌరవంలాంటిది ఏదో కనబడింది. దాన్ని చూసి ఆయనకి ఎన్నేళ్ళో అయింది.

"సింహం జూలు పుట్టగొడుగు వాడుతున్నాను సార్" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా నోట్ పెట్టమని ఆదేశం వచ్చింది. జోగారావు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. "సిబ్బంది నాడీవ్యవస్థ పటిష్ఠీకరణ ద్వారా కార్యాలయ సామర్థ్య అభివృద్ధి" అని శీర్షిక పెట్టి ఆరు పేజీలు రాశాడు. ఎవరూ చదవరన్న ధైర్యంతో చివర్లో "దీనివల్ల కాలక్రమేణా రికార్డులపై ఆధారపడు అవసరం కూడ తగ్గగలదు" అని ఒక వాక్యం అలంకారానికి చేర్చాడు. కమిషనర్ గారు ఆరు పేజీలూ చదివారు. చివరి వాక్యం కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశారు.

పథకం ప్రారంభానికి ముందు నిపుణుల అభిప్రాయం తీసుకోవాలి కాబట్టి ప్రసూతి ఆస్పత్రి సూపరింటెండెంట్ డాక్టర్ షహనాజ్‌ని పిలిచారు. ఆవిడ ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి.

"ఈ పుట్టగొడుగు మీద పరిశోధనలు జరుగుతున్న మాట నిజమేనండి. ప్రయోగశాలలో, ఎలకల్లో నరాల పెరుగుదల విషయంలో ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. మనుషుల మీద చేసినవి మాత్రం చిన్న చిన్న పరిశీలనలు. పనిచేస్తుందనీ చెప్పలేం, చెయ్యదనీ చెప్పలేం. ఎవరికైనా మతిమరుపుగా ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకోమనండి" అన్నారు.

"అంటే ఎలకల్లో పనిచేసింది" అన్నారు కమిషనర్ గారు.

"కొంతవరకు."

"ఎలకల్లో పనిచేసినప్పుడు మన సిబ్బందిలో ఎందుకు పనిచెయ్యదు?"

డాక్టరు గారు సిబ్బంది వైపు చూశారు. సిబ్బంది నేల వైపు చూశారు. "నిపుణులు సుముఖత వ్యక్తం చేసిరి" అని జోగారావు మినిట్స్‌లో రాసుకున్నాడు.

సర్క్యులరు ఇలా వెలువడింది: "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రతి పనిదినమున ఉదయం 10-35 గంటలకు గంట మ్రోగిన వెంటనే ఎవరి స్థానములో వారు నిలబడి రెండు మేధాఛత్రం మాత్రలు మ్రింగవలెను. మ్రింగిన పిమ్మట నోరు తెరిచి, నాలుక పైకెత్తి, స్మారక అధికారికి చూపవలెను."

స్మారక అధికారిగా జోగారావును నియమించారు. గంట కొట్టాలని ఆయనకి గుర్తుచేయడానికి ఇంకొకరిని నియమించారు. సాంకేతిక సలహాదారుగా పాపినాయుడు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని తిరగసాగాడు.

మూడు నెలల తర్వాత ఫలితాల మదింపు జరిగింది. ఇరవై మాటలు చదివి వినిపిస్తారు. గంట తర్వాత వాటిని వరసగా అప్పజెప్పాలి. ముందురోజే మాటల పట్టిక టైపు సెక్షన్ నుంచి బయటికి పొక్కింది. అందులో 'గొడుగు' అన్న మాట 'గొగుడు' అని తప్పు పడింది. పరీక్షనాడు కమిషనర్ గారు 'గొడుగు' అని స్పష్టంగా చదివారు. గంట తర్వాత నూట నలభై మంది సిబ్బందీ, "ఏనుగు, గొగుడు, చెంచా, తాళంకప్ప..." అని ముక్తకంఠంతో అప్పజెప్పారు.

ఆరోజుతో అంతా బయటపడిపోతుందని జోగారావు అనుకున్నాడు. ఒక పక్క భయం, ఒక పక్క 'పోన్లే, పీడా విరగడవుతుంది' అన్న ఊరట.

కమిషనర్ గారు టైపు కాపీ తెప్పించి చూసుకున్నారు. ఆయన కళ్ళు మెరిశాయి.

"చూశారా! నేను చదివింది 'గొడుగు'. కాగితం మీద ఉన్నది 'గొగుడు'. సిబ్బంది కాగితాన్ని కళ్ళతో చూడకుండానే అందులో ఉన్నది పట్టుకున్నారు. జ్ఞాపకాన్ని దాటి వెళ్ళిపోయాం మనం" అన్నారు.

సామర్థ్యం మూడు వందల పన్నెండు శాతం పెరిగిందని నివేదిక వెళ్ళింది. ఆ అంకె ఎలా వచ్చిందో లెక్క వేసిన జోగారావుకే తెలియదు. ఆయన మొదట '3 x 12' అని వేశాడు, నడుమ గుర్తు ఎక్కడో చెరిగిపోయింది.

జ్ఞాపకం అంత పెరిగాక కాగితాలెందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. రెండో సర్క్యులరు అదే ఆఖరి లిఖితపూర్వక సర్క్యులరని చెబుతూ వచ్చింది. ఇకమీదట ఫైళ్ళు లేవు, రిజిస్టర్లు లేవు. దీని పేరు స్మృత్యాధారిత పరిపాలన. కాగితం మీద రాసుకోవడమంటే పథకాన్ని శంకించడమే. "'మర్చిపోయాను', 'గుర్తు లేదు', 'చూసి చెబుతాను' అను మాటల వాడుక కార్యాలయ ఆవరణలో నిషేధించడమైనది." తప్పు చేసినవారికి మెమో నోటితోనే ఇస్తారు. ఇచ్చిన మెమో గుర్తులేదంటే దానికి ఇంకో మెమో.

మొదటి నోటి మెమో నీటి సరఫరా విభాగంలో వాల్వులు తిప్పే తవిటయ్యకి పడింది. భూమిలో పాతిన వాల్వు ఎక్కడుందో తెలియడానికి అతను ఇరవై ఏళ్ళుగా దగ్గరున్న గోడల మీద బొగ్గుతో గీతలు గీసుకుంటున్నాడు. రెండు నిలువు గీతలంటే రెండడుగుల దూరం, సున్నా అంటే మూత ఉన్నట్టు. గోడ మీద రాయడం కూడా రాయడమే కాబట్టి ఊళ్ళో గీతలన్నిటికీ సున్నం వేయించారు.

"అది రాత కాదు బావూ, గీతలండి. నాకు రాత రాదు" అన్నాడు తవిటయ్య.

"రాత రాకపోయినా రాశావు. అది మరింత తీవ్రమైన విషయం" అన్నాడు పక్కనే ఉన్న పాపినాయుడు. జోగారావు ఆ మెమోని నోటితో వినిపించాడు. తవిటయ్య వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపి, వేయడానికేమీ లేక వెనక్కి తీసుకున్నాడు.

ఇక రికార్డు రూము ఖాళీగా పడి ఉంటుంది కదా. పాపినాయుడు ఒక ఆలోచన చెప్పాడు. మేధాఛత్రం బయటి నుంచి తెప్పించే బదులు మనమే పండించుకుంటే? పుట్టగొడుగు చెక్కపొట్టు మీద పెరుగుతుంది. కాగితం కూడా చెక్కలోంచి వచ్చిందే. రికార్డు రూములో వెలుతురు తక్కువ, చెమ్మ ఎక్కువ.

"జ్ఞాపకాల మీద పెరిగిన పుట్టగొడుగు కన్నా జ్ఞాపకశక్తినిచ్చేది ఏముంటుంది?" అన్నారు కమిషనర్ గారు.

అలా గెడ్డపేట జనన మరణ రిజిస్టర్లు, ఇంటి నంబర్ల రిజిస్టర్లు, కౌన్సిల్ తీర్మానాలు చించి, నానబెట్టి, ఉడకబెట్టి, గొట్టాల్లాంటి ప్లాస్టిక్ సంచుల్లో కుక్కారు. విత్తనం చల్లి దూలాలకి వేలాడదీశారు. డిస్పోజల్ కింద సంతకం పెట్టాల్సింది జోగారావే. నీలంగుడ్డ అట్ట వేసిన వాల్వుల రిజిస్టరు చేతికి వచ్చినప్పుడు ఆయన ఆగాడు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో ఎవరో ఓవర్సీరు ఊరంతా తిరిగి చేతితో గీసిన పటాలవి. ప్రతి వాల్వు దగ్గరా చిన్న అందమైన అక్షరాల్లో 'కొళాయి గట్టుకు ఆరడుగులు', 'వేపచెట్టుకు తూర్పు' అని ఉంది.

"ఏటన్నయ్యా, గుర్తుండదని భయమా?" అన్నాడు పాపినాయుడు నవ్వుతూ.

స్మారక అధికారికి గుర్తుండదంటే ఎలా? జోగారావు రిజిస్టరు నీళ్ళ తొట్టెలో వేశాడు. సిరా కరిగి నీళ్ళు నీలంగా మారేదాకా అక్కడే నిలబడ్డాడు.

నెలన్నరకి పుట్టగొడుగులు వచ్చాయి. సింహం జూలు రాలేదు. విత్తనంలో ఎక్కడో పొరపాటు జరిగి, మామూలు తెల్లవి గుత్తులు గుత్తులుగా వచ్చాయి. మొదటి కోత సిబ్బందికి తలా పావుకిలో పంచారు. వరహాలమ్మ కొబ్బరి వేసి మసాలా కూర వండింది. చాలా బాగుంది. మూడో ముద్ద దగ్గర జోగారావుకి పళ్ళెంలో సన్నటి నీలం చార ఉన్న కాడ ఒకటి కనబడింది. ఏ వార్డు తింటున్నానో అనుకుంటూ దాన్ని కూడా తినేశాడు.

తినేటప్పుడు ఆయన చొక్కా జేబులోంచి చిన్న చీటీ కింద పడింది. వరహాలమ్మ తీసి చూసింది. 'గంట 10-35. కమిషనర్ గారి అబ్బాయి పేరు నిహాల్. స్కూటరు: వేపచెట్టు కింద.'

"ఊరందరికీ రాసుకోవద్దని చెప్పీది మీరేనా?" అంది.

"మెల్లగా మాట్లాడవే."

"ఇక్కడెవులున్నారని మెల్లగా? ఏటండీ మీకొచ్చిన భయం? మరపు వస్తే వస్తాది. నాకు చెప్పుకోవచ్చు కదా."

జోగారావు చీటీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్పుకోలేదు.

ఆఫీసులో అప్పటికే ఒక విచిత్రమైన ప్రశాంతత ఏర్పడింది. ఎవరూ ఏదీ మర్చిపోయానని అనకూడదు కాబట్టి ఏది అడిగినా టక్కున జవాబు వచ్చేది. ఫైలు వెతకడం లేదు, రేపు రమ్మనడం లేదు. జవాబు మాత్రం తప్పు.

ఆస్పత్రి రోడ్డులో బట్టలు కుట్టే నూకాలు కూతురి జనన ధ్రువపత్రం కోసం వచ్చింది. ఐదేళ్ళ పిల్ల, పావని, తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. గుమాస్తా కళ్ళు మూసుకుని, "నూకాలు, ఆస్పత్రి రోడ్డు. మగబిడ్డ. సోమవారం" అన్నాడు.

"ఆడపిల్లండి. ఇదిగో ఇక్కడే ఉంది."

"మగబిడ్డ. నాకు బాగా గుర్తు."

నూకాలు పిల్లని వెంటబెట్టుకుని జోగారావు గదిలోకి వచ్చింది. "బళ్ళో పేరు రాయించాలండి. ఈ నెలాకరే గడువు. ఈయన నాకు కొడుకు పుట్టేడంటన్నారు. కన్నది నానండి, నాకు తెలీదా?" అంది.

జోగారావు పిల్ల వైపు చూశాడు. రెండు జడలు, జడలకి ఎర్ర రిబ్బన్లు. గుమాస్తా పొరపాటు పడ్డాడని ఒక్కమాట అంటే చాలు. ఆ మాట అంటే గుమాస్తా మాత్ర పనిచెయ్యలేదని అర్థం. గుమాస్తా మాత్ర పనిచెయ్యకపోతే తనదీ పనిచెయ్యనట్టే.

"గుమాస్తా జ్ఞాపకం మీద కమిషనర్ గారి జ్ఞాపకానికి అప్పీలు చేసుకోవచ్చమ్మా" అన్నాడు.

నూకాలు ఆయన్ని ఒక్క క్షణం చూసింది. కోపంగా కూడా కాదు. "పదమ్మా" అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పూట జోగారావుకి అన్నం సయించలేదు.

ఆగస్టు నెలలో ఒక బుధవారం పదకొండు గంటలకి, మాత్రలు మింగిన పాతిక నిమిషాలకి, ఆస్పత్రి రోడ్డులో పన్నెండంగుళాల పెద్ద గొట్టం పగిలింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి, రోడ్డు కోసుకుంటూ, పల్లంగా ఉన్న ప్రసూతి ఆస్పత్రి గేటులోకి మళ్ళాయి. జోగారావు చేరేసరికి నేల అంతస్తులో చీలమండల లోతు నీళ్ళు నిలిచాయి. డాక్టర్ షహనాజ్ చీర పైకి దోపుకుని, బాలింతల్ని ఒక్కొక్కర్నీ మేడమీదికి పంపుతున్నారు. నర్సు ఒకామె రెండు చేతుల్లో ఇద్దరు పసికందుల్ని పట్టుకుని మెట్లెక్కుతోంది.

"కాన్పుగదిలో ఒకమ్మాయికి నొప్పులొస్తున్నాయి. ఆమెని ఇప్పుడు కదపలేను. అరగంటలో నీళ్ళు ఆపండి" అని అరిచారు డాక్టరు గారు.

పంపులు ఆపించుదామంటే, నీళ్ళు గుట్ట మీది ట్యాంకు నుంచి వాటంతటవే దిగుతాయి. నడుమ ఉన్న వాల్వు కట్టెయ్యాలి. వాల్వు ఎక్కడుంది?

"గడియార స్తంభం పక్కన" అన్నాడు ఏఈ, ఏమాత్రం తడుముకోకుండా.

"కాదు, రైతుబజారు గేటు దగ్గర. నాకు కళ్ళకి కట్టినట్టుంది" అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు.

"పాత సినిమాహాలు ముందు. కచ్చితంగా" అన్నాడు అకౌంటెంటు. ఆయన ఈ ఊరికి వచ్చి ఏడు నెలలైంది.

కమిషనర్ గారు ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి జోగారావు వైపు తిరిగారు. "మీరు చెప్పండి. మీ జ్ఞాపకమే మాకు ప్రమాణం."

జోగారావు కళ్ళు మూసుకున్నాడు. నీలం నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. "పోస్టాఫీసు మలుపులో, ఎడమవైపు" అంది ఆయన నోరు.

నాలుగు చోట్లా గునపాలు దిగాయి. పోస్టాఫీసు మలుపులో టెలిఫోను తీగ తెగింది. గడియార స్తంభం దగ్గర మురుగు పైకి తన్నింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆస్పత్రి లోపలి నుంచి ఒక ఆడమనిషి కేక వినబడింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

జోగారావు తను తవ్వించిన గోతి పక్కన నిలబడి ఉన్నాడు. లోపల మట్టి తప్ప ఏమీ లేదు. ఆ కేక మళ్ళీ వినబడింది. ఆయన ఆస్పత్రి రోడ్డులోకి వెళ్ళి, గోతులు వదిలేసి వచ్చిన అందరికీ కనబడేలా మధ్యలో నిలబడ్డాడు.

"నాకు గుర్తు లేదు" అన్నాడు.

నీళ్ళ హోరులో సరిగ్గా వినబడలేదనుకుని మళ్ళీ గట్టిగా అరిచాడు. "నాకు గుర్తు లేదు! ఎప్పుడూ లేదు. ఆ ఫైలు నంబరు పొద్దున్నే చూశాను, బల్ల కాలికింద పెట్టుకున్నాను. పుట్టగొడుగు వల్ల కాదు. నాకు ఏ వాల్వు ఎక్కడుందో తెలీదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, తెలీకపోతే తెలీదని చెప్పండి!"

కమిషనర్ గారు ఏదో అనబోయారు. ఈలోగా ఏఈ గునపం కింద పడేసి, "నాకూ తెలీదండీ" అన్నాడు. ఏడవబోతున్నట్టు అన్నాడు. "నాకూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అకౌంటెంటు తలవంచుకుని, "నేను ఆ సినిమాహాలే చూళ్ళేదు" అన్నాడు.

"నాకు గేపకం నేదు బావూ" అన్నాడు తవిటయ్య వెనక నుంచి. "గోడమీద గీతుండీది. ఏ గోడో అంటే ఈ వరసలోదే. సున్నం కొట్టీసేక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

"ఈ వరసేనా? రూఢిగానా?" అన్నాడు జోగారావు.

"ఈ వరసే. అదొక్కటీ రూఢి."

అప్పుడు కుట్టుమిషన్ బల్ల మీదికెత్తి, గుమ్మంలో నీళ్ళు తోడుకుంటున్న నూకాలు తలెత్తింది. "నా కొట్టు మెట్టు కింద ఇనప మూతలాటిది ఉందండి. మెట్టు వేసినప్పుడు మేస్త్రీ దాని మీదే సిమెంటు పోసేసేడు. ఆడదాని గేపకం మీ ఆఫీసులో చెల్లుతాదో చెల్లదో మరి" అంది.

తవిటయ్య నీళ్ళలోంచి పరుగెత్తాడు. మెట్టు మీద ఇనపకడ్డీ ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని, చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. అంత హోరులోనూ నూట నలభై మంది నోరు మూసుకున్నారు.

"గొట్టంలో నీరు కూత్తంది బావూ. ఇదే" అన్నాడు.

మెట్టు పగలగొట్టారు. మూత ఎత్తారు. తుప్పు పట్టిన వాల్వు తిరగలేదు. తవిటయ్య, ఏఈ, జోగారావు ముగ్గురూ కలిసి వాల్వు తిప్పే తాళంకడ్డీ మీద బరువంతా వేశారు. జోగారావు చొక్కా భుజం దగ్గర చిరిగింది. అరచెయ్యి దోక్కుపోయింది. ఎనభై చుట్లు తిప్పాక తాటిచెట్టంత నీటిధార కొబ్బరిమొక్కంత అయింది. తర్వాత రోడ్డు మీద బుడబుడమంది. తర్వాత ఆగిపోయింది.

కాసేపటికి డాక్టర్ షహనాజ్ ఆస్పత్రి మెట్ల మీదికి వచ్చి, తడిసిన చేతులు తుడుచుకుంటూ, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఎవరైనా ఎక్కడైనా రాసి పెట్టుకోండి" అన్నారు.

కమిషనర్ గారి బూట్లలో ఒకటి కాలవలో కొట్టుకుపోయింది.

పై నుంచి విచారణ అధికారి వచ్చారు. మూడు రోజులు ఉండి నలభై పేజీల నివేదిక ఇచ్చారు. "విపత్తు సమయమున సిబ్బంది నలభై నిమిషముల వ్యవధిలో సామూహికముగ జ్ఞాపకమును తిరిగి పొందుట పథకము యొక్క ప్రభావమును సూచించుచున్నది" అని అందులో తేలింది. విద్యాధర్ గారికి మరింత పెద్ద ఊరికి బదిలీ అయింది. తన వల్లే ఇదంతా జరిగిందని జోగారావు ఇచ్చిన వాంగ్మూలాన్ని విచారణ అధికారి ఓపిగ్గా విన్నారు. "మతిమరుపు ఉన్న మనిషినని మీరే ఒప్పుకుంటున్నారు. అలాంటప్పుడు మీ వాంగ్మూలాన్ని నమ్మడం ఎలాగండీ?" అన్నారు. పాపినాయుడు ఆ వారం నుంచి నీటిలో వేసి తాగే రాళ్ళు అమ్ముతున్నాడు.

ఆస్పత్రి వారి కాన్పుల పుస్తకం మేడమీద ఉండబట్టి దక్కింది. అందులోంచి ఐదేళ్ళ పుట్టుకలు తిరిగి రాసుకున్నారు. పావని ఆడపిల్లేనని ప్రభుత్వం అంగీకరించింది. ధ్రువపత్రం జోగారావే పట్టుకెళ్ళి ఇచ్చాడు. నూకాలు అందుకుని, రెండుసార్లు చదువుకుని, "మెట్టు ఎప్పుడు కట్టిస్తారండి?" అని అడిగింది.

జోగారావు రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఒక విటమిన్ తక్కువగా ఉందనీ, నిద్ర చాలడం లేదనీ, ఇంజెక్షన్లు వేసి చూద్దామనీ డాక్టర్ షహనాజ్ చెప్పారు. "మీ అన్నగారికి వచ్చింది మీకూ వస్తుందా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేనండి" అని కూడా అన్నారు. వరహాలమ్మ పక్కనే ఉంది. అన్నయ్య ఆస్పత్రి మంచం మీద అడిగిన మాట ఆయన మొదటిసారి ఆవిడకి చెప్పింది తిరిగి వచ్చేటప్పుడు, ఆటోలో. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తర్వాత ఆయన కొత్త వాల్వుల రిజిస్టరు మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం తవిటయ్యని వెంటబెట్టుకుని వీధులు తిరిగాడు. బడ్డీకొట్ల వాళ్ళనీ, ముసలమ్మలనీ, చాకళ్ళనీ ఆపి అడిగాడు. అందరూ అన్నీ చెప్పలేకపోయారు. ఎవరికి తెలిసింది వారు చెప్పారు. ఆయన గళ్ళు గీశాడు: వాల్వు నంబరు, ఉన్న చోటు, చెప్పినవారి పేరు. దొరకని వాటి కోసం నాలుగో గడి గీసి దాని పైన 'తెలియదు' అని రాశాడు. అరవై ఒక్క వాల్వుల్లో ఇరవై మూడు ఆ గడిలో ఉన్నాయి.

నెల తిరగకుండానే తనిఖీ వారి దగ్గర్నుంచి మెమో వచ్చింది. ఈసారి కాగితం మీద, నంబరుతో, తేదీతో, ముద్రతో వచ్చింది. "ప్రభుత్వ రిజిస్టరులో 'తెలియదు' అను గడి ఏ నిబంధన క్రింద ఏర్పాటు చేయబడినదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

జోగారావు మెమోని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకి పెట్టి చూసి, అందినట్టు సంతకం చేశాడు. తెల్లకాగితం తీసుకుని, పైన సూచిక రాసి, విషయం రాసి, చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఒక్క మాటే రాసి కింద సంతకం పెట్టాడు.

"తెలియదు."